ఇరవయ్యారు కిలోల బస్తా గారికి

బియ్యం బస్తా గారికి నమస్కారాలు.

వంటింటి మూల పీట మీద, గోడకి చేరబడి కూర్చున్న మిమ్మల్ని చూస్తే మా ఇంటికి పెద్ద ఎవరో వేరే చెప్పక్కర్లేదండి. మా నాన్నగారు పొలం నుంచి రాగానే ముందు మీ వంకే చూస్తారు. ఎంతవరకు దిగారో కంటితో కొలుచుకుని, ఆ తర్వాతే కాళ్లు కడుక్కుంటారు.

మీ జాతకం మాకు తెలుసు. ఒకప్పుడు మీరు 25 కిలోలే. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి పేరు అచ్చేసిన 25 కిలోల వరకు బస్తా మీద 5 శాతం జీఎస్టీ అన్నారు. అంతే, మీరు ఒక కిలో ఒళ్లు చేసి 26 అయ్యారు. పన్ను తప్పింది కదా, ధర దిగుతుందేమోనని ఆశపడ్డాం. ఆయ్, ఆశకి జీఎస్టీ లేదు కదండీ.

మాది కోనసీమలో కాలవ కింద రెండెకరాల కౌలు. ధవళేశ్వరం నీళ్లు, మారుటేరు వరి పరిశోధన కేంద్రం విత్తనం, మా నడుములు కలిస్తే స్వర్ణ రకం ధాన్యం పండుతుంది. 2023 డిసెంబరులో సరిగ్గా సార్వా (ఖరీఫ్ పంట) కోతలకే మిచౌంగ్ తుఫాను వచ్చింది. పనలు నానాయి, గింజ రంగు మారింది. క్వింటాకి మద్దతు ధర 2183 అని బోర్డు మీద రాసుంది. బోర్డు తడవలేదు, ధాన్యమే తడిసింది. తేమ 17 శాతం దాటింది, ఆ ధరకి కొనం అన్నారు. కౌలు బస్తాలు, మందుల కొట్టు బాకీ ఆగేవి కావు గనక, వచ్చినకాడికి కల్లంలోనే అమ్మేశాం. ఏటా తిండికని దాచుకునే నాలుగు బస్తాలూ మిగల్లేదు.

క్వింటా ధాన్యం ఆడిస్తే 67 కిలోల బియ్యమని సర్కారు లెక్క. మద్దతు ధర పూర్తిగా దక్కిందనుకున్నా, మా చేతిలో మీ ఖరీదు కిలో 33 రూపాయల లోపే. ఆ తర్వాత కొట్లో మిమ్మల్ని కొనబోతే యాభై అయిదు! అది స్వర్ణ, ఇది సన్నం అంటారు. నిజమే. మధ్యలో మిల్లు, లారీ, మీ పొట్ట మీద అచ్చేసిన బొమ్మ ఖర్చు కూడా ఉంటాయి, కాదనం. కానీ ధర పడితే రైతుకి నష్టం, పెరిగితే వినియోగదారుడికి నష్టం అని టీవీలో చెబుతుంటారే, అదేదో ఇద్దరు వేరువేరు మనుషులైనట్టు. మా ఇంట్లో ఆ ఇద్దరూ ఒకే కంచంలో తింటారండి.

మిమ్మల్ని దించడానికని ఢిల్లీ వాళ్లు 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. అమెరికాలో మనవాళ్లు బస్తాలకి బస్తాలు కార్లకెత్తుకున్నారు. ప్రపంచంలో అమ్ముడయ్యే బియ్యంలో 40 శాతం దాకా మనదే గనక బయట ధరలు మండాయి. 2024 సెప్టెంబరులో మళ్లీ తలుపులు తీశారు. ఈలోపు మా ఊరి కొట్లో మీరు ఒక్క మెట్టు దిగినట్టు నాకైతే గుర్తులేదు. రేషన్ బియ్యం ఉచితమే కదా అంటారు. మనిషికి 5 కిలోలు వస్తున్నాయి, తింటున్నాం. అవి అయిపోయాక మీరే దిక్కు.

అసలు ఫిర్యాదు ఇక్కడుంది. మీరెంత పెరిగినా మీకు కోత పడదు. అన్నం అన్నమే. మీకోసం మిగతావాళ్లు లేచి చోటిస్తారు. ముందు లేచేది కందిపప్పు. గిద్ద నిండా పోసే మా అమ్మ ఇప్పుడు సగం గిద్ద పోసి, ఆనపకాయ ముక్కలు ఇంకో నాలుగు తగిలిస్తోంది. తర్వాత గుడ్డు. తణుకు నుంచి గుడ్లు లారీలెక్కి అస్సాం దాకా వెళ్తాయి గానీ, మా వీధి మలుపు తిరగడమే కష్టమైపోతోంది. ఉడికిన గుడ్డుని అమ్మ దారంతో రెండుగా కోస్తుంది. కత్తితో కోస్తే సొన కత్తికే అంటుకుపోతుందట, అదీ దండగే. ఒక సగం నాన్నగారికి, ఒక సగం మా చెల్లికి. మరి నీకో అంటే, ‘ఇవాళ శనివారం, ఉపవాసం’ అంటుంది. మీరు పెరిగినప్పటి నుంచి మా ఇంట్లో వారానికి మూడు శనివారాలు వస్తున్నాయి.

మొన్న ఏఎన్ఎం గారు వచ్చి అమ్మ వేలు గుచ్చి చూశారు. రక్తం తక్కువగా ఉంది, గుడ్లు, పప్పు బాగా తినమని చెప్పి ఐరన్ మాత్రలిచ్చి వెళ్లారు. మాత్రలు మాత్రం అమ్మ ఒక్క పూట కూడా మానదు, అవి ఉచితం కదా.

మిమ్మల్ని దిగిరమ్మని అడగడం లేదు. దిగితే సార్వాకి మళ్లీ మేమే మునుగుతాం. ఏదో ఒక ధర మీద ఏడాదిపాటు కదలకుండా కూర్చోండి చాలు. కౌలు మాట్లాడుకునేటప్పుడు, చీటీ పాడేటప్పుడు, చెల్లి ఫీజు కట్టేటప్పుడు ఒక లెక్కంటూ వేసుకుంటాం. రేపు మీరెంతో తెలియని టెన్షన్‌తో ఏ లెక్కా తేలడం లేదండి.

ఇట్లు,
మిమ్మల్ని అమ్మి, మళ్లీ కొంటున్న
ఓ కౌలు రైతు కొడుకు

తా.క.: ఈ ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మ, ‘బస్తాకి ఉత్తరమేంట్రా, కొట్టాయనకి రాయి. పాత బాకీలో కలిపేసి ఇంకోటి పంపమను’ అంది.