నాన్న కంచం వేరు చేయకండి

పోయిన చలికాలం మా నాన్నగారి రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 168 వచ్చింది. ఆయనకు 72 ఏళ్లు. ఆ మర్నాడు మేం చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మేమంతా పెసరట్టు తింటూ, ఆయన ముందు చప్పటి ఓట్స్ గిన్నె పెట్టాం. రెండు చెంచాలు తిని, "కడుపు నిండిందమ్మా" అంటూ లేచిపోయారు. వారం తిరక్కుండానే ఆయన తలగడ వెనక జంతికల పొట్లం కనిపించింది. అడగడానికి నాకు నోరు రాలేదు.

అసలు ఆయనకు కావలసింది మా కంచాల్లోనే ఉంది. పొట్టు తీయని పెసలు, చిక్కుడు, బెండకాయ, ఉలవలు... వీటిలో నీటిలో కరిగే పీచు ఉంటుంది. అది పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. ఓట్స్ చేసేదీ ఇదే. కాకపోతే చిక్కుడుకాయ కూరని నాన్న అడిగి మరీ వేయించుకుంటారు.

నెయ్యి దగ్గరే చిక్కు. ఒక పెద్ద చెంచా నేతిలో, చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వు సుమారు 8 గ్రాములు. రోజుకు 2000 కేలరీలు తినేవారికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పెట్టిన హద్దు 13 గ్రాములు. నాన్న ముద్దపప్పులోకే మూడు చెంచాలు వేసుకునేవారు! మానేయమని అనలేదు. నేతిగిన్నెలో పెద్ద చెంచా తీసి చిన్నది వేశాం, అందరికీ అదే. ఇప్పుడు మొదటి ముద్దకే నెయ్యి. కొలెస్ట్రాల్ తగ్గడానికి డాక్టరిచ్చిన స్టాటిన్ మాత్ర మాత్రం రోజూ వేసుకుంటారు, తిండి బాగుపడిందని మందు మానకూడదు.

"అందరికీ" అని ఊరికే అనలేదు. 2018లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల్లో, దక్షిణాసియా సంతతి కావడాన్నే గుండెజబ్బు ముప్పు పెంచే అంశాల్లో చేర్చారు. అంటే నలభైల్లో ఉన్న మనకూ ఆ కంచమే మంచిది. పెద్దవాళ్లను శిక్ష వేసినట్టు విడిగా కూర్చోబెట్టడం నా దృష్టిలో తప్పు.

మన సంఘం కార్యవర్గానికీ ఒక విన్నపం. ఈ ఉగాది భోజనాల్లో నెయ్యి కూరల్లో కలిపేయకుండా విడిగా పెట్టించండి. పూరీల పక్కన జొన్నరొట్టెలూ ఉంచండి. గుగ్గిళ్లు మా ఇంటి నుంచి తెస్తాం. శనగలు నానబెట్టి పోపు పెట్టే పని తనదేనని నాన్న ఇప్పటికే చెప్పారు.