ఆ ఎండకు తంగేడే సరి

అమెరికాలో ఉంటున్న మనలో చాలామందికి తిరుపతిలోనో చిత్తూరులోనో ఇల్లుంది. అక్కడ ఉండేది అమ్మానాన్నలు, లేదంటే తలుపుకు తాళం. ఆ ఇంటి ముందు మనం వేయించేది మాత్రం లాన్. నేనూ వేయించాను. చంద్రగిరి దగ్గర మా వాకిట్లో పరిచిన గడ్డి మొదటి ఎండాకాలానికే మాడిపోయింది. దాన్ని ఎలాగైనా బతికించాలని అమ్మ ట్యాంకర్ నీళ్లు కొని పోసింది. తాగే నీళ్లకు ఇబ్బందిపడే ఊళ్లో గడ్డికి ట్యాంకర్! తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక్కడ అమెరికాలో ఎకినేషియా పెంచుకుంటాం. ఈ నేలలో పుట్టిన అడవిపువ్వు, మంచుకు ఎండిపోయినా వేరు నుంచి మళ్లీ చిగురిస్తుందని పిక్నిక్‌లో అందరికీ చెప్పుకుంటాం. ఆ మర్యాద మన ఊరి మొక్కకు ఎందుకు ఇవ్వం?

నేను చెప్పేది తంగేడు గురించి. ఎర్ర గరుసు నేల, నడినెత్తిన ఎండ దానికి ఇష్టం. మేకలు కూడా పెద్దగా ముట్టవు. నీళ్ల సంగతి అడిగితే అమ్మ అంది: "గుట్ట మీద దానికి ఎవురు పోసినారు నాయనా?" ఒకప్పుడు దాని ఆకు కొట్టి ఎరువుగా వరిమడిలో తొక్కేవాళ్లు, బెరడుతో తోళ్లు పదును చేసేవాళ్లు. తెలంగాణ 2014లో దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది. బతుకమ్మలో దానికి పెద్దపీట. మన వైపు మాత్రం ప్లాటు చదును చేసేటప్పుడు పిచ్చిమొక్కలతో పాటు జేసీబీతో పెకలించేస్తున్నాం.

అడవిలో మొక్కను తవ్వుకురావద్దు. అది తప్పు, పైగా వేరు లోతుకు పోతుంది కాబట్టి బతకదు కూడా. చేనుగట్టు మీద ఎండిన కాయలు చాలు. గింజ పెంకు గట్టిది, మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వాలి. వానలు పడగానే మొక్క ఎక్కడ ఉండాలో అక్కడే నాటాలి. నీడ పనికిరాదు, నీళ్లు నిలిచే చోటు అసలే వద్దు. మొదటి ఏడాది వారానికోసారి తడిపితే చాలు, తర్వాత వానే చూసుకుంటుంది. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది.

లాన్ తీసేసిన చోట ఇప్పుడు మాకు నాలుగు తంగేడు పొదలున్నాయి. ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిలిస్తేనే అది రాలుతుంది. పొద్దున్నే అమ్మ ఫోన్ ఆ పొద దగ్గర పట్టుకుని నాకు ఆ చప్పుడు వినిపిస్తుంది.