ఎండ ఒక్కటే చాలదు

కాంతి ఉత్ప్రేరకాన్ని, అంటే వెలుతురు తగిలితే రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థాన్ని, చల్లితే చాలు, సముద్రంలోని ప్లాస్టిక్ ఎండకే కరిగిపోతుందన్న ధోరణిలో మీ పత్రికలో వచ్చిన వ్యాసం సాగింది. రసాయనశాస్త్రం చదువుకున్నవాడిగా ఇక్కడ కొంత అభ్యంతరం చెప్పక తప్పదు. ఈ పరిశోధనల్లో తరచూ వాడే టైటానియం డయాక్సైడ్, దాని అనటేజ్ అనే స్ఫటిక రూపంలో, పనిచేయాలంటే దాదాపు 388 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యమున్న అతినీలలోహిత కిరణాలు కావాలి; నేలను చేరే సూర్యకాంతి శక్తిలో వాటి వాటా సుమారు 5 శాతమే. ఆ కాంతి తగిలి ఉత్ప్రేరకంలోని ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగిరినప్పుడు మిగిలే ఖాళీ, నీటితో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన కణాన్ని పుట్టిస్తుంది, పాలిథిన్‌లోని పొడవాటి కర్బన గొలుసులపై దాడి మొదలుపెట్టేది ప్రధానంగా అదే.

2018లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు కాడ్మియం సల్ఫైడ్ క్వాంటమ్ డాట్లతో (అతి సూక్ష్మమైన అర్ధవాహక రేణువులతో) పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) వంటి ప్లాస్టిక్‌ల నుంచి హైడ్రోజన్ రాబట్టిన మాట నిజమే, అయితే ఆ ప్రయోగం జరిగింది గాఢమైన క్షారద్రావణంలో. పైగా కాడ్మియం విషలోహం. 2019లో సింగపూర్‌లోని నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వనేడియం ఉత్ప్రేరకంతో పాలిథిన్‌ను ఫార్మిక్ ఆమ్లంగా మార్చినప్పుడు కూడా ముందుగా ప్లాస్టిక్‌ను వేడి ద్రావణిలో కరిగించవలసి వచ్చింది. బురద పట్టి తేలే సంచికి ఈ సౌకర్యాలేవీ ఉండవు కదా!

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సగం తెగిన గొలుసుల సంగతి. బరువు తగ్గినంత మాత్రాన ప్లాస్టిక్ పోయినట్టు కాదు. అది సూక్ష్మ ముక్కలుగా నీటిలోనే మిగిలి ఉండవచ్చు. కాబట్టి ప్లాస్టిక్ పూర్తిగా విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచారా, లేక బరువు తగ్గుదలనే లెక్కించారా అన్నది వ్యాసకర్త తెలియజేస్తే బాగుంటుంది.