‘ప్లెథోరా’ అంటే చాలా అనా, మితిమీరి అనా?

చెన్నై మైలాపూర్‌లో ఒక కళాశాల వార్షిక నివేదిక ప్రూఫులు. రాసింది శిష్యురాలు, దిద్దుతున్నది ఆమెకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు.

మాస్టారు: గ్రంథాలయంలో పుస్తకాల ‘ప్లెథోరా’ ఉందని రాశావు. పుస్తకాలు మితిమీరాయని ఫిర్యాదా అమ్మా?

శిష్యురాలు: ఎన్నో ఉన్నాయని, మాస్టారూ. అందరూ అలాగే రాస్తున్నారు. నిఘంటువులూ ఒప్పుకున్నాయి.

మాస్టారు: ఆ మాట వైద్యులది. గ్రీకులో నిండుదనం అని అర్థం. ఒంట్లో రక్తం ఎక్కువై జబ్బు చేసిందని తోస్తే ఆ స్థితిని అలా పిలిచేవారు. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ అలాంటి రోగికి సిర కోసి రక్తం తీయమన్నాడు. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిందీ రోగం పేరుగానే. ఎర్ర రక్తకణాలు పెరిగి ముఖం ఎర్రబారితే డాక్టర్లు ఈనాటికీ ఆ మాటే వాడతారు. కొంత తీసేస్తే తప్ప కుదుటపడనంత ఎక్కువ, అదీ దాని బరువు. ఉద్యోగ ప్రకటనల్లో ‘అవకాశాల ప్లెథోరా’ అని చూస్తే ఒళ్లు మండుతుంది నాకు. అవకాశాలు ఎక్కువై ఎవరు బాధపడ్డారు?

శిష్యురాలు: ‘నైస్’ అంటే ఒకప్పుడు తెలివితక్కువ అని మీరే చెప్పారు. ఇప్పుడు నన్ను నైస్ అంటే తిట్టినట్టా?

మాస్టారు: దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే ‘నైస్’ అర్థం మారినా తెలివితక్కువ అనడానికి ‘ఫూలిష్’ ఉంది. ఇక్కడ అలా కాదు...

శిష్యురాలు: ఇక్కడా ఉన్నాయి. అతి అనడానికి గ్లట్, సర్ఫీట్, ఎక్సెస్.

మాస్టారు: గ్లట్ సంతకు, సర్ఫీట్ తిండికి దగ్గర. సమృద్ధి వేరు, అతి వేరు. 2015 డిసెంబరులో ఈ ఊరి మీద కురిసింది అతివృష్టి. దాన్ని సమృద్ధి అంటావా?

శిష్యురాలు: ఊరు మునిగిన తప్పంతా వాన మీద నెట్టకండి. పళ్లికరణై చిత్తడినేలను ఆక్రమించిందెవరు? చెరువులు పూడ్చి ఇళ్లు కట్టిందెవరు?

మాస్టారు: వానా మామూలుది కాదమ్మా.

శిష్యురాలు: 2019 వేసవిలో జలాశయాలు ఎండి, ఊరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. నీరు నిలిచే చోటు ఉంచుకుని ఉంటే ఆ వానలో చాలా భాగం సమృద్ధే అయ్యేది. అతి అనేది పట్టే చోటును బట్టి, మాస్టారూ!

మాస్టారు: నేననేదీ అదే! పట్టే చోటు చాలనప్పుడే ప్లెథోరా. మీ గ్రంథాలయంలో అరలు చాలక పుస్తకాలు నేల మీద పెట్టారా?

శిష్యురాలు: లేదు. ఇంకా ఖాళీ అరలున్నాయి.

మాస్టారు: అయితే ఆ మాట కొట్టెయ్యి.

శిష్యురాలు: కొట్టేస్తాను. ఉద్యోగ ప్రకటనలు రాసేవాళ్లు మాత్రం మీ మాట వినరు.