వెయ్యికి అరవై తొమ్మిది తరుగు

మా బావగారికి కడప మార్కెట్ యార్డులో పసుపు మండీ ఉంది. పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని ఫటుక్కున విరిచి, ఆ చప్పుడును బట్టి సరుకు ఎంత ఎండిందో చెప్పగల మనిషి ఆయన. ఏ వస్తువునైనా కిలోకు ఇంత అని లెక్కగట్టి చూస్తే అందులోని మోసం దానంతట అదే బయటపడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన ఇన్నేళ్లుగా పసుపూ, బంగారమూ, చివరికి మా అక్కకు పట్టుచీరలూ కొని ఎన్నడూ నష్టపోలేదు గనుక, ల్యాప్‌టాప్ కొనవలసి వచ్చినప్పుడు దానికి వేరే లెక్క ఏదైనా ఉంటుందేమోనన్న అనుమానమే ఆయనకు కలగలేదు.

ల్యాప్‌టాప్ అవసరం ఆ ఇంట్లో ఇద్దరికి వచ్చింది. మా మేనకోడలు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో కంప్యూటర్ చదువుతోంది. బావగారికేమో యాభై దాటిన తరువాత ఫోటోల పిచ్చి పట్టింది. స్టూడియో మూసేస్తున్నవారి దగ్గర 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఒకటి బేరమాడి కొన్న నాటి నుంచి, ఆదివారం వస్తే చాలు, ఆయన తెల్లవారకముందే గండికోటకో, పుష్పగిరికో, సిద్ధవటానికో బయలుదేరుతున్నారు. గండికోట దగ్గర పెన్నా లోయ మీద పొద్దు పొడవడం ఒక్క ఫోటోతో తేలే వ్యవహారం కాదని ఆయన ఉద్దేశం కాబోలు, ఒకసారి బటన్ మీద వేలు పెట్టారంటే సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా ఆ వేలు తీయరు.

ఏ ల్యాప్‌టాప్ కావాలో మా మేనకోడలు మండీ చిట్టా కాగితం వెనుక ముందే రాసి ఇచ్చింది. పని నడుస్తున్నంతసేపు కంప్యూటరు వాడుకునే ర్యాము 16 జీబీ ఉండాలి. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ 512 జీబీ చాలు. తరువాత ర్యాము పెంచుకోవడానికి ఖాళీ స్లాటు ఉంటే మరీ మంచిది. నాయన ఫోటోలకు బయట తగిలించుకునే హార్డ్ డిస్కు వేరే కొనాలి. నన్నడిగితే, ఈ విషయం మీద ఇంతకంటే చెప్పవలసినది పెద్దగా ఏమీ లేదు. పాఠాలు చూసుకుని నోట్సు రాసుకునేవారికి 8 జీబీ ర్యాముతో గడిచిపోతుంది. కాని ఈ పిల్ల కాలేజీ ల్యాబు కోసం విండోస్ లోపల వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటరు లోపల మరో కంప్యూటరు, పెట్టుకుని, దానికి 4 జీబీ విడిగా ఇవ్వాలి. మిగిలిన నాలుగూ విండోస్‌కూ బ్రౌజరుకూ ఒక పూట బత్తెం. నిల్వ తక్కువైతే రేపు బయటి డిస్కుతో సర్దుకోవచ్చు గాని ర్యాము తక్కువైతే అలా సర్దుకోవడానికి ఉండదని కూడా ఆమె కాగితం అంచున రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఆ రోజు ఆమెకు కాలేజీ ఉండటం వల్ల కొనడానికి ఏడురోడ్ల దగ్గరి దుకాణానికి బావగారి వెంట నేను వెళ్లాను. దుకాణంలోని కుర్రవాడు మర్యాదస్థుడు. ర్యామును ఎనిమిది నుంచి పదహారు చేస్తే ఎంత ఎక్కువవుతుందో, ఎస్ఎస్‌డీని 512 నుంచి వెయ్యి చేస్తే ఎంత ఎక్కువవుతుందో రెండూ చెప్పాడు. రెండూ ఇంచుమించు ఒకే మొత్తం. బావగారి చెయ్యి దానంతట అదే జేబులోని చిన్న కాలిక్యులేటర్ మీదికి వెళ్లింది. ఒకచోట ఆ డబ్బుకు ఎనిమిది జీబీలు వస్తున్నాయి, మరొకచోట అదే డబ్బుకు దగ్గర దగ్గర ఐదువందలు వస్తున్నాయి.

“ఏం నాయనా, అదీ జీబీనే, ఇదీ జీబీనే. దానికి అరవై రెట్లు ధర ఏంది?” అని ఆయన అడిగారు.

అది వేరు, ఇది వేరు అని కుర్రవాడు చెప్పబోయాడు. నేను మేనకోడలి కాగితం తీసి చూపించాను. “చదువుకునే పిల్ల, దానికి బేరం ఏం తెలుస్తుంది బామ్మర్దీ” అని బావగారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. 8 జీబీ ర్యామూ, ఒక టీబీ, అంటే వెయ్యి జీబీల ఎస్ఎస్‌డీ ఖాయమైపోయాయి.

ఇక బరువు సంగతి. ర్యాముకు స్లాటు ఉన్న మోడల్ రెండు కిలోల పైచిలుకు తూగుతుంది, పలుచటిది కిలోంబావు. పలుచటిదానికే ధర ఎక్కువ. తూకం తగ్గేకొద్దీ ధర పెరగడమన్నది ఆయన వ్యాపార జీవితంలో ఎదురుకాని విడ్డూరం గనుక బావగారు కాసేపు రెండింటినీ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడిపోయారు. కాని పిల్ల రోజూ బస్సులో మోసుకుపోవలసిన వస్తువు అది. ఆయన ఏమీ మాట్లాడకుండా పలుచటిదాన్ని కౌంటరు మీద పెట్టి, బరువైనదాన్ని వెనక్కి తోసేశారు. దాంతోపాటే ఆ ర్యాము స్లాటు కూడా వెనక్కి పోయిందని ఆ క్షణంలో ఆయనకు తెలియదు.

గొడవ మరునాడు మొదలైంది. మా మేనకోడలు ల్యాప్‌టాప్ తెరిచి డ్రైవు చూపిస్తుంటే, బావగారు కళ్లజోడు సవరించుకుని అక్కడి అంకెను పైకి చదివారు. తొమ్మిది వందల ముప్పై ఒకటి. వెయ్యి అని బిల్లులో ఉంది. అంటే వెయ్యికి అరవై తొమ్మిది తక్కువ. మార్కెట్ యార్డులో తేమ పేరు చెప్పి రైతు దగ్గర తరుగు తీయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్యే గాని, తన సరుకులో మరొకరు తరుగు తీయడం ఆయన పుట్టి బుద్ధెరిగిన తరువాత ఇదే మొదలు. ల్యాప్‌టాప్‌ను అట్టపెట్టెతో సహా సంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మళ్లీ దుకాణానికి వెళ్లారు.

“ఎండిన సరుకే కదా ఇది? దీంట్లో తేమ యాడుంది?” అన్నారు కౌంటరు దగ్గర నిలబడి, నలుగురూ వినేటట్టుగా.

కుర్రవాడు నవ్వు ఆపుకుంటూ వివరించాడు. డిస్కు తయారుచేసేవారు ఒక జీబీ అంటే నూరు కోట్ల బైట్లని లెక్క వేస్తారు. విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు హెచ్చవేసి, ఒక జీబీ అంటే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లని కొలుస్తుంది. సరుకు తగ్గలేదు పెద్దాయనా, ఇటువైపు కుంచం కొంచెం పెద్దది, అంతే. బావగారు ఆ మాటను నమ్మలేదు, తానే లెక్క కట్టడానికి పూనుకున్నారు. టెరాబైటు అంటే లక్ష కోట్ల బైట్లు. దానికి పదమూడు అంకెలు కావాలి, ఆయన కాలిక్యులేటర్‌లో పన్నెండే పడతాయి. చివరికి ఇటూ అటూ సున్నాలు కొట్టేసి, వెయ్యిని 1.0737తో భాగించి చూస్తే 931 మీద చిల్లర వచ్చింది.

ఆ అంకె చూడగానే ఆయన ముఖం విప్పారింది. ఊరికొక పుట్టి, ఊరికొక మణుగు ఉన్న రోజుల్లో వాళ్ల తాత కొన్నది ఒక తూకం, అమ్మింది మరొక తూకమట. “అదీ సంగతి. కొనేచోట చిన్న పడి, అమ్మేచోట పెద్ద పడి. వీళ్లు మావాళ్లే!” అన్నారు తృప్తిగా. తృప్తి కలిగిందని ఊరికే వదల్లేదు. తరుగు కింద ఒక మౌస్ ఇప్పించుకునే ఇంటికి వచ్చారు.

ఇంటికి వచ్చి ఈ సంగతంతా చెబితే మా మేనకోడలు ఒక్కటే మాట అంది. “ర్యామును 1024 లెక్కనే అమ్ముతారు నాయనా. తరుగు లేని సరుకు అదొక్కటే.” బావగారు ఆ మాట వినిపించుకోకుండా మౌస్‌కు సెల్లు వేసుకునే పనిలో మునిగిపోయారు.

కొన్ని వారాల పాటు అంతా సవ్యంగానే సాగింది. స్టూడియో మిత్రుడొకరు ఫోటోలను, కెమెరా చూసినది చూసినట్టుగా దాచే రా ఫార్మాట్‌లో కూడా తీయాలని చెప్పినప్పటి నుంచి బావగారు నొక్కిన ప్రతి నొక్కుకూ రెండేసి ఫైళ్లు తయారవుతున్నాయి. ఆయన కెమెరాలో రా ఫైలు దాదాపు 25 ఎంబీ, దానితోపాటు జేపెగ్ మరొక పది. వెయ్యి నొక్కులకు 35 జీబీ. ఆదివారానికి వెయ్యి ఆయనకు చాలా తక్కువ. ఈ వేగంతో ఆరు నెలలు తిరిగేసరికి ఆ వెయ్యి జీబీలూ నిండిపోతాయని పిల్ల చెబుతూనే ఉంది. “గోదాము ఉండేదే నింపడానికి కదా పాపా” అని ఆయన సమాధానం.

అసలు ముప్పు గోదాము నిండకముందే వచ్చింది. ఒక ఆదివారం సాయంత్రం మా మేనకోడలు ఇంటి నుంచే ల్యాబు పరీక్ష రాయవలసి ఉంది. అదే రోజు మధ్యాహ్నం బావగారు ముందురోజు పుష్పగిరిలో తీసిన ఫోటోలన్నింటినీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, జేపెగ్‌లుగా మార్చమని పురమాయించి, ఆ కిటికీని కిందికి దించేసి భోజనానికి వెళ్లారు. కిందికి దించితే ఆగిపోయినట్టేనని ఆయన లెక్క. బ్రౌజరులో పసుపు ధరలు, వాతావరణం, కెమెరా లెన్సుల బేరాలు ఒకదాని పక్కన ఒకటి తెరిచి ఉన్నాయి. వాటి మీద ఈ పిల్ల వచ్చి వర్చువల్ మెషీన్ తెరిచింది. తెర మీద ఒక చిన్న నీలిరంగు చక్రం తిరగడం మొదలుపెట్టి, పరీక్ష గంట దగ్గరపడుతున్నా ఆగలేదు. ఆమె ఒక అక్షరం కొడితే, అది తెర మీదికి వచ్చేలోపల మా అక్క వంటింట్లోంచి వచ్చి “ఏమైంది?” అని అడిగి మళ్లీ వెళ్లిపోయింది.

బావగారు చూసి, బరువెక్కిందని తేల్చారు. బరువెక్కితే దించాలి. పిల్ల ఫోను పట్టుకుని లెక్చరరుకు పరిస్థితి చెప్పుకుంటున్న ఆ నాలుగు నిమిషాల్లో, ఆయన పుష్పగిరి ఫోల్డరును మొత్తంగా తీసేసి, చెత్తబుట్టను కూడా ఖాళీ చేశారు. డిస్కులో అప్పటికే ఆరు వందల జీబీల చోటు ఖాళీగా ఉంది. ఆ పైన ఇంకో నలభై ఖాళీ అయింది. చక్రం మాత్రం ఇదివరకటి లాగే తిరుగుతూ ఉంది.

టాస్క్ మేనేజర్ తెరిచి మా మేనకోడలు ఆయనకు చూపించింది. మెమరీ, అంటే ర్యాము, 97 శాతం నిండి ఉంది. ఆ మార్పిడి పనిని ఆపి, బ్రౌజరు మూసేసిన తరువాత చక్రం ఆగింది. లెక్చరరు దయతలచి ఆమెకు మరునాటి బ్యాచిలో పరీక్ష రాసే అవకాశం ఇచ్చారు. అప్పుడు ఆ పిల్ల తండ్రిని మండీ మాటల్లోనే కూర్చోబెట్టి చెప్పింది. ఎస్ఎస్‌డీ గోదాము. ర్యాము మండీ ముందరి అరుగు. బస్తా విప్పి, కొమ్ములు పోసి, గ్రేడు చేసే పనంతా అరుగు మీదే జరగాలి. అరుగు చిన్నదైతే పోసిన సరుకును మళ్లీ బస్తాలకెత్తి గోదాములో పెట్టి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చి పోసుకోవాలి. విండోస్ కూడా ర్యాము చాలనప్పుడు అదే చేస్తుంది. ర్యాముతో పోలిస్తే ఎస్ఎస్‌డీ కొన్ని వందల రెట్లు నెమ్మది గనుక ఆ మోతలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. గోదామును ఎంత ఖాళీ చేసినా అరుగు జానెడు కూడా పెరగదు.

బావగారికి ఈసారి వెంటనే అర్థమైంది. “ఈ మాట ఆ కుర్రోడు ముందే చెప్పి ఉంటే అయిపోయేది కదా!” అని మాత్రం అన్నారు.

పుష్పగిరి ఫోటోలు తిరిగి రాలేదు. ఎస్ఎస్‌డీలో చెరిపేసిన చోటును విండోస్ వెంటనే ట్రిమ్ ఆదేశంతో శుభ్రం చేయించేస్తుంది, పాత హార్డ్ డిస్కులో లాగా తవ్వి తీయడం సాధ్యం కాదు. కెమెరా కార్డును ఆయన ఆ ఉదయమే ఫార్మాట్ చేసి పెట్టుకున్నారు. రెండుచోట్ల లేని ఫోటో ఉన్నట్టు కాదని స్టూడియో వాళ్లు ఎందుకంటారో ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ తెలిసొచ్చింది. మా అక్క ఫోనుకు ఆయన పంపిన ఒకే ఒక ఫోటో మిగిలింది. అందులో గోపురం సగమే పడింది గాని, మిత్రుడు తెచ్చిన కారం దోసెల పొట్లం మాత్రం నూనె మరకతో సహా స్పష్టంగా ఉంది.

అరుగు పెంచాలని నిర్ణయించుకున్న బావగారు, బెంగళూరు వెళ్తున్న లారీ డ్రైవరు చేత డీడీఆర్4 తరం 16 జీబీ ర్యాము ఒకటి తెప్పించారు. ఈసారి ఎవరినీ అడగలేదు. దుకాణంలో కుర్రవాడు ల్యాప్‌టాప్‌ను బోర్లా పెట్టి, మరలన్నీ ఊడదీసి, అడుగు రేకు ఎత్తి చూపించాడు. లోపల ర్యాము పెట్టుకునే చోటే లేదు. ఉన్న ఎనిమిదీ బోర్డు మీదనే టంకం వేసి అతికించి ఉన్నాయి. పలుచటి మోడళ్లలో చాలావాటి సంగతి ఇంతేనని అతడు చెప్పాడు. బావగారు చాలాసేపు ఆ బోర్డు వైపు చూసి, “అరుగును సిమెంటుతో కట్టేశారు” అని నిట్టూర్చారు.

మామూలు మనిషైతే ఆ ర్యామును తిరిగి అమ్మేసేవాడు. బావగారు దాన్ని కౌంటరు మీద పెట్టి, “సరే, దీనికి సరిపోయే ల్యాప్‌టాప్ చూపించు నాయనా” అన్నారు. కుర్రవాడు తెచ్చిన మొదటి రెండూ దాని తరువాతి తరమైన డీడీఆర్5వి. వాటిలో గాడి వేరేచోట ఉంటుంది గనుక ఈ ముక్క కూర్చోలేదు. మూడోది పాత స్టాకు. 8 జీబీ ర్యాము, ఒక ఖాళీ స్లాటు, 512 ఎస్ఎస్‌డీ, బరువు రెండు కిలోల పైనే. ముక్క టక్కున కూర్చుంది. తెర మీద 24 జీబీ అని వచ్చింది. మా మేనకోడలు రాసి ఇచ్చిన కాగితానికి పైన ఇంకో ఎనిమిది.

ఇప్పుడు ఆ పిల్ల బరువైనదాన్ని సంతోషంగా మోసుకుపోతోంది. పలుచటిది బావగారి ఫోటోలకూ మండీ చిట్టాలకూ మిగిలింది. అదీ సగానికి పైగా నిండిపోవడంతో పోయిన వారం ఆయన ఫోటోల రెండో ప్రతి దాచుకోవడానికి రెండు టీబీల బయటి డిస్కు కొనడానికి వెళ్లారు. పెట్టె విప్పకముందే, దీన్ని కంప్యూటరుకు పెడితే ఎంత చూపిస్తుందని అడిగారు. 1.81 టీబీ అని కుర్రవాడు నిజాయితీగానే చెప్పాడు. బావగారు కౌంటరు వెనుక అరల వైపు ఒకసారి తేరిపార చూసి, ఈసారి తరుగు కింద కీబోర్డు అడిగారు.