జైపూర్ సాహిత్యోత్సవం వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ జైపూర్ సాహిత్యోత్సవం వారికి, నెల్లూరు నుంచి ఒక సభాప్రియుడు అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

తమరు 2006లో, జైపూర్ వారసత్వ ఉత్సవానికి అనుబంధంగా, డిగ్గీ ప్యాలెస్ అనే పాత హవేలీలో కళ్ళు తెరిచారు. ఆ తొలి ఏడు తన ప్రసంగానికి 14 మందే వచ్చారనీ, వారిలోనూ చాలామంది దారి తప్పి లోపలికి వచ్చిన జపాను యాత్రికులనీ రచయిత విలియం డాల్రింపుల్ గారు తరువాత నవ్వుతూ చెప్పుకున్నారు. ఈ ముచ్చట విన్నప్పుడల్లా నెల్లూరులో సాహిత్య సభలు నడిపేవారికి ఏనుగెక్కినంత సంబరం కలుగుతుంది. ఎందుకంటే హాజరు విషయంలో మేము తొలినాటి తమరితో సరిసమానులం. కాకపోతే మాకు దారి తప్పి వచ్చే జపాను వారు లేరు, దారి తెలిసిన మా ఊరివారు రారు.

అక్కడి నుంచి తమరి ఎదుగుదల ఎవరూ కాదనలేనిది. 2008 నాటికి వేరు కాపురం పెట్టారు. ఎవరిని పిలవాలో నమితా గోఖలే, డాల్రింపుల్ గార్లు చూసుకుంటే, పందిళ్ళూ పైకమూ సంజయ్ రాయ్ గారి సంస్థ చూసుకుంది. 2014లో లండన్‌లో, మరుసటి ఏడు అమెరికాలోని బౌల్డర్‌లో శాఖలు వెలిశాయి. ప్రవేశం చాలా ఏళ్ళు ఉచితంగానే ఉంచారు. నోబెల్ పొందిన కూట్సీ, పాముక్ వంటివారు మాట్లాడుతుంటే, టికెట్టు కొనే స్తోమత లేని విద్యార్థి ముందే వచ్చి ముందు వరుసలో కూర్చోగలగడం చిన్న సంగతి కాదని వ్యంగ్యలేఖలో కూడా ఒప్పుకోవలసిందే.

ఉచితమన్నాక ఎవరో ఒకరు ఇచ్చుకోవాలి కదా! అందుచేత తమరి పేరుకు ముందు ఒక ఇంటిపేరు వచ్చి చేరింది. డబ్బిచ్చిన కంపెనీ పేరే ఆ ఇంటిపేరు: కొన్నేళ్ళు డీఎస్‌సీ, ఆ తరువాత కొన్నేళ్ళు జీ. దీన్ని తప్పుపట్టే అర్హత మా ఊరికి లేదు. ‘మామా అని పిలుస్తున్నందుకు తగినట్టుగా నీ కావ్యకన్యను నాకిమ్ము’ అని మా నెల్లూరి రాజు మనుమసిద్ధి అడిగితే, తిక్కన తన నిర్వచనోత్తర రామాయణాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. అయితే భారతంలో పదిహేను పర్వాల దగ్గరకు వచ్చేసరికి ఏ రాజునూ దరికి రానివ్వక హరిహరనాథునికి సమర్పించాడు. ఆ స్వామి కూడా, వేదిక వెనుక కట్టే గుడ్డమీద తన బొమ్మ ఎంత సైజులో వేస్తారని అడిగిన దాఖలా లేదు.

అసలు నేను ఈ లేఖ వ్రాయడానికి కారణం 2012 జనవరి. ఆ ఏడు తమరు నవలాకారుడు సల్మాన్ రష్దీ గారిని పిలిచారు. అప్పటికి ఐదేళ్ళ ముందు, 2007లో, ఆయన తమరి ఇంటికే వచ్చి, నలుగురితో కలిసి తిరిగి, ఏ గొడవా లేకుండా వెళ్ళారు. ఈసారి మాత్రం ఆయనను చంపడానికి మనుషులు బయలుదేరారని కబురు పుట్టింది. ఆయన ప్రయాణం మానుకున్నారు, ఆపైన ఆ కబురు కల్పితమేనని ఆరోపించారు. అప్పుడు హరి కుంజ్రూ, అమితవ కుమార్, జీత్ థయిల్, రుచిర్ జోషీ అనే నలుగురు రచయితలు వేదికలెక్కి, 1988లో మన దేశం దిగుమతి నిషేధించిన ఆయన నవల ‘ది సటానిక్ వర్సెస్’లోంచి కొన్ని భాగాలు పైకి చదివారు. చూశారా, సాహిత్యోత్సవంలో సాహిత్యం చదివారు! వెంటనే తమరు, ఆ పని మా ఎరుకలో జరగలేదనీ, చట్టానికి విరుద్ధమైన దేనినీ సహించబోమనీ ప్రకటన ఇచ్చారు. నలుగురూ ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది.

చివరి రోజున రష్దీ గారిని కనీసం తెరమీద చూపిస్తామన్నారు. హింస జరగవచ్చన్న పోలీసుల హెచ్చరికతో అదీ ఆగిపోయింది. రాళ్ళు పడతాయన్న భయం ఉత్తిది కాకపోవచ్చు, వేలమంది ప్రాణాలు చేతిలో పెట్టుకున్నవారి ఇబ్బందిని నేను తేలికచేయడం లేదు. అయితే అదే ఏడు, అదే ప్రాంగణంలో, అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే గారిని చూడడానికి జనం విరగబడ్డారు. టీవీలో కనిపించే మనిషి నేరుగా రావచ్చును, పుస్తకం వ్రాసిన మనిషి టీవీలో కూడా రాకూడదు. ఇంత స్పష్టమైన సాహిత్య విధానాన్ని మరే ఉత్సవమూ ప్రకటించలేదు.

ఈ కథకు కొసమెరుపు 2024 నవంబరులో దొరికింది. ఆ నవల దిగుమతిని నిషేధించిన 1988 నాటి ఉత్తర్వును చూపమని ఢిల్లీ హైకోర్టు అడిగితే, అధికారులెవరూ ఆ కాగితాన్ని తేలేకపోయారు. అలాంటి ఉత్తర్వే లేదని భావించక తప్పదని కోర్టు వారు తేల్చారు. అంటే నలుగురు పెద్దమనుషులు మూటాముల్లె సర్దుకున్నది, వెతికితే దొరకని కాగితం పుణ్యమా అని!

ఇప్పుడు మా గోడు వినండి. తమరి వైభవం చూసి జిల్లా జిల్లాకూ ఉత్సవాలు పుట్టాయి, మా పురమందిరంలో జరిగే సభల తీరు కూడా మారింది. పది అడుగుల ఫ్లెక్సీమీద సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, వీరందరి ముఖాలూ నిండుగా ఉంటాయి. కవిగారి ఫొటో హాల్ టికెట్టు మీద అంటించే సైజులో ఒక మూలన ఉంటుంది. ఆవిష్కరణ ఘట్టంలో రంగు కాగితం చుట్టిన పుస్తకాల కట్ట ముఖ్య అతిథి చేతికిస్తారు. సెల్లోటేపు ఊడదు. ఆయన గోటితో గీకి, తరువాత కత్తెర కోసం చూసి, చివరికి కాగితాన్ని అడ్డంగా చించేస్తారు. అందరూ తలా ఒక ప్రతి గుండెలకు ఆనించుకుని కెమెరా వైపు చూస్తారు, ఒకరి చేతిలో అది తలకిందులుగా ఉంటుంది. ఆపైన, ‘పుస్తకం నిన్న రాత్రే చేతికందింది, ఆమూలాగ్రం చదవలేకపోయాను, అయినా…’ అంటూ ముప్పావుగంట మాట్లాడతారు. కవిగారు రెండు పద్యాలు చదవబోయే వేళకు సమయాభావం వచ్చిపడుతుంది. శాలువాలకు మాత్రం ఏనాడూ సమయాభావం కలగలేదు.

ఈ విద్యలన్నీ తమరి వద్ద నేర్చినవని నింద వేయను, శాలువా విషయంలో మావారే గురువులు. కానీ రచయితను చూస్తే చాలు, రచనతో పని లేదన్న ధైర్యం మాత్రం తమరు ఇచ్చిందే. సంతకం కోసం బారులు తీరే చోట ఆ పుస్తకంలోని ఒక పేజీ వినిపించే ఓపిక ఎవరికీ లేకపోతే, తమరి కన్నా పుస్తకాల కొట్టు నయం. అక్కడ కనీసం నిలబడి నాలుగు పేజీలు తిరగేయనిస్తారు.

కనుక విన్నవించుకునేదేమనగా, రాబోయే జనవరిలో ఐదు రోజులకు గాను ఒక్క గంట కేటాయించి, ఒక పుస్తకాన్ని బిగ్గరగా చదివించండి. వేదికమీద రచయిత ఉండకూడదు, ప్రశ్నలడిగే పెద్దమనిషి ఉండకూడదు, వెనుక ఏ కంపెనీ బొమ్మా ఉండకూడదు. ఏ పుస్తకమన్నది పోలీసు వారిని అడిగి నిర్ణయించకూడదు. తమరు చేశారంటే మావాళ్ళు మరుసటి ఏడే అనుకరిస్తారు. అప్పుడు నెల్లూరులో విరాటపర్వం ఒక గంటసేపు నిరాటంకంగా వినవచ్చునని నా ఆశ.

ఇట్లు,
తమ విధేయుడు,
వెనుక వరుస, కుడివైపు ఫ్యాను కింద కుర్చీ, నెల్లూరు.

తా.క. ఈ లేఖను వచ్చే సభలో చదివి వినిపిస్తానని మా కమిటీ వారిని అడిగాను. లేఖ ప్రతిని ఆవిష్కరించడానికి తమకు అభ్యంతరం లేదనీ, చదవడానికి మాత్రం సమయం చాలదనీ సెలవిచ్చారు. ఆవిష్కర్త కోసం వెతుకుతున్నారు. తమరికి వీలవుతుందేమో తెలియజేయగలరు.