నాటోకు నోరు పడిపోయిందా?

అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ 2025 మార్చి 28, శుక్రవారం, డెన్మార్క్ కింద స్వయంపాలనలో ఉన్న గ్రీన్‌లాండ్ వెళ్లొచ్చారు. అక్కడి ఊళ్లలో అడుగు పెట్టలేదు, జనాన్ని కలవలేదు. ద్వీపం వాయవ్య కొసన ఉన్న పిటుఫిక్ అనే తమ సైనిక స్థావరంలో దిగి, అక్కడే నిలబడి, గ్రీన్‌లాండ్ ప్రజలను మీరు సరిగా చూసుకోలేదంటూ డెన్మార్క్‌ను తప్పుబట్టి వెనక్కి వెళ్లిపోయారు. మర్నాడు ట్రంప్ ఎన్‌బీసీతో మాట్లాడుతూ గ్రీన్‌లాండ్ నూటికి నూరు శాతం మాకు దక్కుతుందని, సైన్యంతో పని పడకపోవచ్చు గానీ దేన్నీ పక్కన పెట్టేది లేదని తేల్చేశారు. ఈ బెదిరింపు రష్యాకో చైనాకో అయితే సరే అనుకోవచ్చు. అమెరికా పెద్దరికంలోని సైనిక కూటమి నాటో 1949లో పుట్టిన రోజు నుంచీ పక్క కుర్చీలో కూర్చుంటున్న డెన్మార్క్‌కు ఇది.

ఇది నోరు జారి అన్న మాట అని సర్దిచెప్పేవాళ్లు ఇకనైనా ఆపాలి. ప్రమాణ స్వీకారం కూడా కాకముందే జనవరి 7న ట్రంప్ ఇదే అన్నారు. మార్చి 13న వైట్‌హౌస్‌లో మళ్లీ అన్నారు. ఆ రోజు పక్కన కూర్చున్నది నాటో సెక్రటరీ జనరల్ మార్క్ రుట్టే. గ్రీన్‌లాండ్‌ను కలుపుకోవడం జరుగుతుందనే అనుకుంటున్నానని ట్రంప్ చెబుతుంటే, ఆ చర్చను నేను పక్కన పెడతాను, నాటోను ఇందులోకి లాగదలచుకోలేదని రుట్టే తప్పుకున్నారు. ఒక సభ్య దేశం నేలను ఇంకో సభ్య దేశం తీసుకుంటానని కెమెరాల ముందు అంటుంటే అందులోకి నాటో రాకపోతే, నాటో అనేది ఎందుకు ఉన్నట్టు? ఆ ఆఫీసులో ఆ పెద్దమనిషి ఒక్క వాక్యం అని ఉండాల్సింది: డెన్మార్క్ సరిహద్దు కూడా నాటో సరిహద్దేనని. అదీ అనలేకపోయారు.

ఆయన అనలేని మాట గ్రీన్‌లాండ్ వాళ్లు అన్నారు. మర్నాడే అక్కడి పార్లమెంటులోని పార్టీల నాయకులంతా కలిసి, ఇలాంటి మాటలు మిత్రదేశం నుంచి రావడం ఒప్పుకోబోమని ప్రకటన ఇచ్చారు. ఆ మర్నాడు ఇరవై వేల దాకా జనాభా ఉన్న నూక్ పట్టణంలో వందల మంది ఎర్ర-తెలుపు జెండాలు పట్టుకుని, మేం అమ్మకానికి లేం అన్న అట్టలు ఎత్తుకుని మంచులో నడిచి అమెరికా కాన్సులేట్ ముందు నిలబడ్డారు. జనవరిలో సర్వే చేస్తే 85 శాతం మంది అమెరికాలో కలవబోమన్నారు, కలుస్తామన్నవాళ్లు 6 శాతం. వాన్స్ విమానం దిగడానికి కొన్ని గంటల ముందు అయిదు పార్టీల్లో నాలుగు విభేదాలు పక్కన పెట్టి యెన్స్-ఫ్రెడరిక్ నీల్సన్ నాయకత్వంలో ప్రభుత్వం కట్టాయి. 57 వేల మంది జనం ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలి?

ట్రంప్ వాదనలో అసలు పసే లేదని మేం అనం. కోలా ద్వీపకల్పంలోని రష్యా ఉత్తర నౌకాదళం జలాంతర్గాములు అట్లాంటిక్‌లోకి రావాలంటే గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, బ్రిటన్ మధ్య ఉన్న సందుల్లోంచే రావాలి. మంచు కరిగి కొత్త సముద్ర మార్గాలు తెరుచుకుంటున్నాయి, చైనా 2018 నుంచే తనను ఆర్కిటిక్‌కు దగ్గరి దేశమని చెప్పుకుంటోంది. డెన్మార్క్ కూడా మడికట్టుకుని కూర్చున్న దేశమేమీ కాదు, 1960, 70లలో వేలమంది గ్రీన్‌లాండ్ ఆడవాళ్లకు, స్కూలు పిల్లలకు కూడా, చెప్పాపెట్టకుండా గర్భనిరోధక లూప్‌లు వేయించిన పాపం దానిది.

అయితే ఏంటి? భద్రతే కావాలంటే అమెరికా, డెన్మార్క్ చేసుకున్న 1951 రక్షణ ఒప్పందం ఉండనే ఉంది. ఆ ఒప్పందం ప్రకారం అమెరికా అక్కడ ఎంత సైన్యం కావాలంటే అంత పెంచుకోవడానికి మాట్లాడుకోవచ్చు. 1945లో అమెరికాకు అక్కడ 17 స్థావరాలు, వేల మంది సైనికులు ఉండేవారని, ఇప్పుడు ఒక్క స్థావరం, 200 మంది మిగిలారని, పెంచుకుంటామంటే వద్దనేది లేదని డెన్మార్క్ విదేశాంగ మంత్రి లార్స్ లొక్కె రాస్ముసెన్ వీడియో పెట్టి మరీ చెప్పారు. తగ్గించుకున్నది అమెరికానే. ఇప్పుడు కాపలా లేదు కాబట్టి నేల మాదే అంటున్నదీ అమెరికానే. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇంకో సంగతి కూడా గుర్తు చేయాలి. డెన్మార్క్ చేతిలోని వెస్టిండీస్ దీవులను అమెరికా కొనుక్కున్నప్పుడు, గ్రీన్‌లాండ్ మొత్తం మీద డెన్మార్క్ అధికారం విస్తరిస్తే మాకు అభ్యంతరం లేదని 1916లో అమెరికా విదేశాంగ మంత్రి రాబర్ట్ లాన్సింగ్ సంతకం పెట్టి ఇచ్చారు. దీవులు తీసుకుని, బదులుగా ఇచ్చిన మాట అది.

వాన్స్ నిలబడి ఉపన్యసించిన ఆ పిటుఫిక్ కథ కూడా చూడండి. దాని పాత పేరు థూలే. 1953లో స్థావరం విస్తరణ కోసం అక్కడి స్థానికులైన ఇనూహుయిట్ తెగ కుటుంబాలకు కొద్ది రోజుల గడువిచ్చి, ఇళ్లు వదిలించి, వంద కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి తోలేశారు. తోలింది డెన్మార్క్, తోలించుకున్నది అమెరికా. 1968 జనవరిలో నాలుగు హైడ్రోజన్ బాంబులతో ఉన్న బీ-52 విమానం ఆ స్థావరం దగ్గరే సముద్రపు మంచు మీద కూలింది. అణ్వాయుధాలు మా నేల మీద ఉండరాదన్న డెన్మార్క్ విధానం అప్పటికే పదేళ్లుగా ఉంది. రేడియోధార్మికత పట్టిన మంచును గడ్డకట్టే చలిలో, చీకట్లో ఎత్తిపోసిన వాళ్లలో డెన్మార్క్ కూలీలున్నారు, గ్రీన్‌లాండ్ వాళ్లున్నారు. గ్రీన్‌లాండ్ ప్రజలకు మేం ఎక్కువ మేలు చేస్తామని అదే చోట నిలబడి చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

మమ్మల్ని అన్నిటికంటే భయపెడుతున్నది గ్రీన్‌లాండ్ ఒక్కదాని గతి కాదు, ఈ వాదన. మా భద్రతకు కావాలి కాబట్టి అది మాదే. ఉక్రెయిన్‌లోని క్రిమియాను 2014లో మింగినప్పుడు పుతిన్ చెప్పిన సాకుల్లో ఇదొకటి, నాటో నౌకలు అక్కడి సెవస్టపోల్ రేవుకు వచ్చేస్తాయని. ఆ రోజు సరిహద్దులను బలంతో మార్చకూడదని ఉపదేశాలు ఇచ్చిన దేశాల్లో మొదటిది అమెరికా. ఇప్పుడు చూడండి, వాన్స్ బయల్దేరడానికి ఒక రోజు ముందు రష్యాలోని ముర్మాన్‌స్క్‌లో ఆర్కిటిక్ సదస్సు వేదిక ఎక్కిన పుతిన్, గ్రీన్‌లాండ్ మీద అమెరికా ఆలోచన సీరియస్సేనని, దానికి పాత చరిత్ర ఉందని, అది ఆ రెండు దేశాల వ్యవహారం, మాకు సంబంధం లేదని ఎంతో ప్రశాంతంగా చెప్పారు. ఎందుకు అడ్డుపడతారు? తన సాకుకు వాషింగ్టన్ ముద్ర పడుతుంటే. రేపు నార్వే చేతిలోని స్వాల్‌బార్డ్ దీవుల విషయంలో మాస్కో ఇదే మాట తీస్తే, అక్కడి బారెంట్స్‌బర్గ్‌లో మావాళ్లున్నారు, మా నౌకాదళం దారి అదే, మా భద్రతకు కావాలి అంటే, ఏ నోటితో కాదంటారు?

ఫిన్లాండ్ 2023లో, రెండు శతాబ్దాలు ఏ కూటమిలోనూ చేరని స్వీడన్ 2024లో నాటోలోకి పరుగెత్తుకొచ్చాయి. బాల్టిక్ సముద్రం దాదాపుగా నాటో చెరువైపోయిందని అప్పుడు సంబరాలు చేసుకున్నారు. ఆ రెండు దేశాలూ వచ్చింది పెద్ద పొరుగువాడు మీద పడతాడన్న భయంతో. కూటమిలోని పెద్దన్నే మీద పడితే దిక్కెవరన్న ప్రశ్నకు ఒప్పందంలో జవాబు లేదు. ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అనే అయిదో ఆర్టికల్‌ను ఇప్పటిదాకా ఒక్కసారే వాడారు, 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా కోసం. 60 లక్షల జనాభా ఉన్న డెన్మార్క్ అఫ్ఘానిస్థాన్‌కు సైన్యాన్ని పంపి 40 మందికి పైగా బిడ్డలను పోగొట్టుకుంది. వాళ్లను కన్నవాళ్లకు వాన్స్ ఏం చెబుతారు?

ఇక మన సంగతి. వాన్స్ భార్య ఉష మూలాలు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉన్నాయని 2024 నవంబరులో మనవాళ్లు పూజలు చేశారు, స్వీట్లు పంచారు, అందులో తప్పేం లేదు. గ్రీన్‌లాండ్‌లో కుక్కబండ్ల పందెం చూడటానికి ముందుగా వెళ్లాలనుకున్నది ఆమే. మేం ఎవరినీ పిలవలేదని అక్కడి ప్రభుత్వం బహిరంగంగా చెప్పాక ఆ ప్రయాణం రద్దయి, స్థావరానికి మారింది. పిలవని ఇంటికి వెళ్లకూడదన్నది గోదావరి జిల్లాల్లో చిన్న పిల్లకు కూడా తెలుసు. మన అమ్మాయన్న మురిపెంతో ఈ విషయంలో మన పత్రికలు, చానళ్లు కళ్లు మూసుకోవడం మాకు నచ్చలేదు.

ఢిల్లీ మౌనం ఇంకా నచ్చలేదు. ఆర్కిటిక్ మనకు దూరపు చుట్టం కాదు. 1920 నాటి స్వాల్‌బార్డ్ ఒప్పందంలో భారత్ భాగస్వామి, 2008 నుంచి అక్కడ హిమాద్రి పరిశోధన కేంద్రం నడుపుతున్నాం, 2013 నుంచి ఆర్కిటిక్ కౌన్సిల్‌లో పరిశీలక దేశం. అన్నిటికంటే ముఖ్యం, అరుణాచల్‌ప్రదేశ్‌లో మన ఊళ్లకు, కొండలకు చైనా కొత్త పేర్లు పెట్టి జాబితాలు విడుదల చేస్తోంది. తవాంగ్ మా భద్రతకు కావాలని రేపు బీజింగ్ అంటే, గ్రీన్‌లాండ్ దగ్గర నోరు మెదపని దేశాలు మన కోసం మెదుపుతాయా? మనం మెదపనిదే వాళ్లెందుకు మెదుపుతారు?

వాన్స్ దంపతులు 2025 ఏప్రిల్‌లో భారత్ వచ్చి వెళ్లారు. టారిఫ్‌ల టెన్షన్‌లో ఉన్న మన ప్రభుత్వం విందులు, ఫొటోలతో సరిపెట్టి ఉంటే అది పిరికితనమే. ఇంకొకరి నేలను వాళ్ల ఇష్టం లేకుండా తీసుకోవడాన్ని భారత్ ఒప్పుకోదని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సింది. 2025 జూన్‌లో హేగ్‌లో కూడిన నాటో దేశాల అధినేతలు రక్షణ ఖర్చు శాతాల లెక్కలు తీసేముందు ఇదే మాట ట్రంప్ మొహాన చెప్పాల్సింది, చెప్పే దమ్ము లేకపోతే రుట్టే ఆ కుర్చీ ఖాళీ చేయాలి.